కోట చూశాకే కెరటాలు

నూజివీడు తోటల్లో చిన్నరసాల కోతలు మొదలయ్యాయంటే ఎండలు ముదిరినట్టే. పిల్లలకూ సెలవులు. ‘సముద్రానికి పోదాం’ అని వాళ్లు గొడవ చేస్తే పెద్దలకు వెంటనే గుర్తొచ్చేది మంగినపూడి. హనుమాన్ జంక్షన్, గుడివాడ, పెడన మీదుగా బందరు చేరితే, అక్కణ్నుంచి పది పన్నెండు కిలోమీటర్లే.

అయితే బందరులో దిగగానే తీరానికి పరుగెత్తకండి. ముందు గిలకలదిండి వైపు వెళ్లి బందరు కోట చూడండి. కోట అంటే బురుజులూ, సింహద్వారాలూ ఊహించుకుంటే నిరాశే. మిగిలినవి కొన్ని శిథిల కట్టడాలు, మొండిగోడలు మాత్రమే.

ఒకప్పుడు ఇది గోల్కొండ సుల్తానుల రేవు. ఇక్కడి అద్దకం బట్టల కోసం డచ్చివారు వచ్చారు. 1611లో ఆంగ్లేయులు వర్తకస్థావరం పెట్టారు. ఊళ్లోని వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట పేర్లు ఆనాటి గుర్తులే. 1750లో కోట ఫ్రెంచివారి చేతికి చిక్కింది. చుట్టూ ఉన్న బురదనేలే తమకు రక్ష అనుకున్నారు వాళ్లు. 1759 ఏప్రిల్లో ఓ రాత్రి కర్నల్ ఫోర్డ్ కొంత సేనను ఆ బురదవైపే పంపి కంగారుపెట్టి, మరోవైపు నుంచి కోట పట్టేశాడు.

ఫిరంగులు కోటకు యజమానులను మార్చాయంతే. దాన్ని పాడుబెట్టింది సముద్రం. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు ఉప్పెన ఊరిమీద పడింది. సుమారు 30 వేలమంది చనిపోయారు. ఆ తర్వాత సైన్యం ఇక్కణ్నుంచి తరలిపోయింది. కోట దిక్కులేనిదయింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిందీ ఈ సముద్రమే.

ఆ మాట పిల్లలకు చెప్పి, ఎండ తగ్గాక మంగినపూడికి తీసుకెళ్లండి. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రుతో అక్కడ తీరం నల్లగా ఉంటుంది. కార్తీక పౌర్ణమికి స్నానాలకు జనం పోటెత్తేదీ ఇక్కడికే. అల చల్లగా పాదాలు తడుపుతుంటే ఎవరికైనా ఇంకాస్త ముందుకు వెళ్లాలనిపిస్తుంది. మోకాటిలోతు నీళ్లే కదా అని ధీమా వద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

2023లో బందరులో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. మళ్లీ ఓడలు వస్తాయన్న సంబరం ఊరిది. మంచిదే. కానీ రేవు కట్టేవాళ్లూ, కెరటాల్లో ఆడేవాళ్లూ ఒక్కసారి ఆ మొండిగోడల ముందు నిలబడాలి. సముద్రంతో ఎంత చనువున్నా, కాస్త భయం కూడా ఉండాలని చెప్పడానికి బందరులో వాటికన్నా పెద్దదిక్కు లేదు.