అయస్కాంతం అక్కరలేని మోటారు

రేర్ ఎర్త్ లోహాలు, వాటితో తయారయ్యే అయస్కాంతాల ఎగుమతులపై చైనా 2025 ఏప్రిల్‌లో ఆంక్షలు విధించడంతో మన వాహన పరిశ్రమ ఉలిక్కిపడింది. ఆ అయస్కాంతాలను దేశంలోనే తయారు చేయించేందుకు కేంద్ర మంత్రివర్గం అదే ఏడాది నవంబరులో 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అది అవసరమైన చర్యే. అయితే అసలు ఆ అయస్కాంతాలతో పనే లేని ఇండక్షన్ మోటారు గురించి జరగవలసినంత చర్చ జరగడం లేదు.

పొలాల్లోని పంపుసెట్లను దశాబ్దాలుగా నడుపుతున్న ఈ మోటారుకు ఉక్కు, రాగి, అల్యూమినియం ఉంటే చాలు. చిక్కంతా దాన్ని అదుపు చేయడంలోనే ఉంది. చక్రాలకు కావలసినంత బలాన్ని కావలసిన క్షణంలో అందించాలంటే, రోటారులోని అయస్కాంత క్షేత్రం ఎంత ఉందో, ఏ దిశలో ఉందో తెలియాలి. వేడికీ, అదురుకీ తట్టుకుంటూ దాన్ని నేరుగా కొలిచే సాధనాన్ని మోటారు లోపల అమర్చడం ఆచరణలో కుదిరే పని కాదు. బయట లభించే వోల్టేజి, కరెంటులను బట్టి లోపలి స్థితిని లెక్కగట్టుకోవలసిందే. నాడి పట్టి రోగం చెప్పడం వంటిదే ఇదీ. వేగం అందుకున్న తర్వాత ఈ లెక్క బాగానే కుదురుతుంది. బండి కదిలే తొలి క్షణాల్లో మాత్రం వోల్టేజి అత్యల్పం కనుక, తీగచుట్ల నిరోధాన్ని కాస్త తప్పుగా తీసుకున్నా అంచనా తలకిందులవుతుంది. రాగి వంద డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం సుమారు 40 శాతం పెరుగుతుంది మరి! నిండు బరువుతో ఎత్తు ఎక్కవలసిన బండికి బలం కావలసింది సరిగ్గా అప్పుడే.

ఈ విద్య మన రైల్వేలకు తెలియనిది కాదు. 1993లో ఏబీబీ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని త్రీఫేజ్ ఇంజన్ల పరిజ్ఞానాన్ని తెచ్చుకున్నాయి. 1998లో చిత్తరంజన్ కర్మాగారం తన తొలి డబ్ల్యూఏజీ-9 ఇంజనును విడుదల చేసింది. 2019లో పట్టాలెక్కిన తొలి వందే భారత్ రైలులో మోటార్లను నడిపే వ్యవస్థను హైదరాబాద్‌కు చెందిన మేధా సంస్థ సమకూర్చింది. ఒప్పందం నుంచి అక్కడికి చేరడానికి పాతికేళ్లు పట్టింది. రోడ్డు వాహనాలకు అంత వ్యవధి లేదు.

అన్ని వాహనాలకూ ఈ మోటారే తగునని చెప్పలేం. రోటారులో కొంత విద్యుత్తు వేడిగా వృథా అవుతుంది. చోటూ బ్యాటరీ పరిమితంగా ఉండే స్కూటర్లకు అయస్కాంత మోటారే మెరుగు. కానీ బస్సులు, లారీల విషయంలో ఆ లోటు భరించరానిదేమీ కాదు. గనులకు, శుద్ధి కర్మాగారాలకు వేలకోట్లు కేటాయించగలిగిన ప్రభుత్వం, ఈ అంచనా పద్ధతులపై పరిశోధనకూ, వాటిని నిజమైన మోటార్లపై పరీక్షించే కేంద్రాలకూ అందులో చిన్న భాగాన్నైనా వెచ్చించాలి. రైల్వేలు గడించిన అనుభవాన్ని వాహన తయారీదారులకు అందుబాటులోకి తేవడానికైతే ఆ ఖర్చూ అక్కరలేదు.