క్రొత్త పాట – మిత్రుల మాట

తిరుపతినుండి పుత్తూరు మీదుగా చెన్నైకి పోవు రహదారిపై వడమాలపేట యున్నది. ఈ ప్రాంతమున తెలుగుతోపాటు తమిళమును చెవులకు క్రొత్త కాదు. అందుచేత ఇచ్చటి బాలబాలికలకు పాటల విషయమున ఒక సౌకర్యము కలదు: ఒకే బాణీని రెండు భాషలలోను విని మిత్రులతో తర్కింపవచ్చును. క్రొత్త చిత్రపు పాటలు వెలువడిన మరునాడు, విరామపు గంట మ్రోగగానే ఆ తర్కము మొదలగును. పెద్దలు కొందరు దీనిని కాలహరణ మందురు. అది పొరపాటు. తనకు నచ్చినది ఏల నచ్చినదో చెప్పుటయు, నచ్చనిదానిని మిత్రుని మనసు నొవ్వకుండ చెప్పుటయు సులభముగా అలవడు విద్యలు కావు.

పూర్వము గ్రామఫోను రికార్డు నిమిషమునకు 78 సార్లు తిరిగెడిది. ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పెట్టె యున్న ఇంటికి ఇరుగుపొరుగువారు చేరి, అందరును ఒకేమారు వినెడివారు. ముల్లు ఎత్తగనే మాటలు మొదలయ్యెడివి. 1948లో అమెరికాలో దీర్ఘకాలము మ్రోగు రికార్డు వెలువడిన పిదప, పాటల సంపుటి యనునది పుస్తకమువలె మొదటినుండి చివరవరకు వినదగిన వస్తువయ్యెను. 1967లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందము వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అట్టిదే. అందు జార్జి హారిసన్ కూర్చిన యొక పాట మన సితారుతోను, తబలాతోను నడచును. ఆ బృందమునే 1962లో డెక్కా యను రికార్డు సంస్థవారు పరీక్షించి, వలదని పంపివేసిరి. అనుభవము గలవారి తీర్పులును అంతటివే.

మన దేశమున ఇంతకంటె చిత్రమైన యుదంతము జరిగినది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖా మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమునందు గాఢమైన ప్రీతి కలవాడు. సినిమా పాటలు ప్రజల అభిరుచిని చెరచుచున్నవని తలచి, ఆకాశవాణిలో వానికి చోటు లేకుండ చేసెను. శ్రోతలు శాస్త్రీయ సంగీతమువైపు మరలలేదు. రేడియో సిలోను వైపు మరలిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణియే వివిధభారతిని నెలకొల్పి, సినిమా పాటలకు తలుపు తెరవవలసివచ్చెను. కేస్కరుకు సంగీతముపై గల ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమను ఆజ్ఞగా మార్చుటలోనే లోపమున్నది. తరగతిలో గొంతు పెద్దదైన విద్యార్థియు ఒక్కొక్కప్పుడు చిన్న కేస్కరు కాగలడు.

నేడు పాట ఒకే గడియలో లండనులోను, వడమాలపేటలోను సెల్‌ఫోనున వినబడును. వినుట మాత్రము ఎవరి చెవికి వారిదే. పాటకంటె ముందు దానిని ఎన్ని లక్షలమంది చూచిరో ఆ సంఖ్య కంటబడును. అభిమాన నటుని చిత్రమైనచో వినకమునుపే అద్భుతము. ఎదుటి నటునిదైనచో వినకమునుపే పేలవము. ఇట్టి గుంపులలో నలుగురు నవ్విన పాటకు తానును నవ్వి, ఇంటికి పోయి దానినే రహస్యముగా వినుకొను బాలుడొకడు ప్రతి తరగతిలోను ఉండును. ఆ నవ్వు అలవాటైనచో, రేపు పాటకంటె పెద్ద విషయములందును వాడు నలుగురి ముఖములు చూచియే నోరు విప్పును. 2023లో ‘నాటు నాటు’ పాటకుగాను కీరవాణికిని చంద్రబోసుకును ఆస్కారు బహుమతి లభించినది. అంతవరకు ఆ పాటను తేలికగా చూచి, మరునాడు పొగడినవాడెవడైన నుండినచో, వాడు విన్నది పాటను కాదు, బహుమతిని.

“బాగున్నది” అనుట అభిప్రాయము కాదు. ఏది బాగున్నది? బాణీయా, మాటయా, గొంతా, తాళమా? 1992లో ఎ.ఆర్. రహమాను తొలి చిత్రమైన ‘రోజా’ తమిళమున వెలువడినది. తెలుగు పాటలను రాజశ్రీ వ్రాసెను. ఇట్టి పనిలో రచయితకు స్వేచ్ఛ మిక్కిలి తక్కువ. బాణీ ముందే యున్నది. తెరపై పెదవుల కదలికయు ముందే నిర్ణయమైనది. దీర్ఘము పడవలసినచోట దీర్ఘమే పడవలెను, పెదవులు కలిసినచోట ‘మ’కారమో ‘ప’కారమో దొరకవలెను, ఇవి యన్నియు కుదిరిన పిమ్మటను అర్థము చెడరాదు. రెండు భాషలు తెలిసిన ఇద్దరు మిత్రులు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క చరణమును రెండు విధముల విని, ఇచ్చట మాట ఒదిగినది, ఇచ్చట ఇరుకైనది అని చూపుకొనినచో, ఛందస్సు పాఠమునకు దీటైన పాఠము వారికి లభించును. నగరి, పుత్తూరు, వడమాలపేటల పిల్లలకు ఇది ఖర్చు లేని చదువు.

1980లో విడుదలయైన కె. విశ్వనాథుని ‘శంకరాభరణము’లో, రాత్రివేళ పాశ్చాత్య సంగీతముతో తన్ను ఎగతాళి చేయవచ్చిన యువకులను శంకరశాస్త్రి ఎదుర్కొను ఘట్టమున్నది. అతడు వారిని తిట్టి పంపలేదు. వారి పాటను విని, స్వరములతో తిరిగి వినిపించి, ఆ పిమ్మటనే తన పాటను పాడుడని వారిని నిలదీసెను. అతని మాటకు బలము చేకూరినది ఆ వినుటవలననే. ఆ యువకులకు దర్శకుడు కొంత అన్యాయము చేసెననిన తప్పు కాదు. చక్కని పాశ్చాత్య గీతమొకటి వారిచే పాడించియున్నచో ఆ వాదము మరింత రక్తి కట్టెడిది.

ఆ రెండు సంగీతములును పోరాడక కలిసిన సంపుటియు మనకు కలదు. 1986లో ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ అను దానిని వెలువరించి, త్యాగరాజస్వామికిని, జర్మను సంగీతకర్త బాఖునకును అంకితము చేసెను. అందు వి.యస్. నరసింహన్ వయొలిను ప్రధానముగా వినబడును. కథానాయకుడు లేడు, నృత్యము లేదు, పొగడుటకు గాని తెగడుటకు గాని అభిమాన సంఘము లేదు. దానిని విన్న మిత్రులు తమకు ఏమి వినబడినదో తమ మాటలలోనే చెప్పుకొనవలసియుండును.