ఆ ఒక్క వస్తువు కోసం వెనక్కి వెళ్లకండి

కలిసి ఆడే భయానక వీడియో గేముల్లో జట్టంతా చచ్చేది ఆట మొదట్లో కాదు. సరుకు సగానికి పైగా చేతికొచ్చాక, బయటికి దారి తెలిశాక, టైమ్ కూడా ఇంకాస్త మిగిలి ఉన్నప్పుడు చస్తారు. ఎవడో ఒకడు ‘లోపల ఇంకొకటుంది, తెచ్చేస్తా’ అంటాడు. వాడు రాడు. వాడి కోసం ఇంకొకడు వెళ్తాడు. కాసేపటికి నలుగురూ ఒకే తెర ముందు కూర్చుని తప్పెవరిదో తేల్చుకుంటుంటారు.

ఇలా జరగడం కాలేజీ ఊళ్లలో మామూలే. ఉదాహరణకు, మదనపల్లె నుంచి కదిరి రోడ్డు పట్టుకుంటే అంగళ్లు వస్తుంది. 1998లో మొదలైన మిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ వల్ల ఆ ఊరి పేరు రాయలసీమలో చదువుకునే పిల్లలందరికీ తెలుసు. ఇలాంటి కాలేజీ ఊళ్లలో హాస్టళ్లు, అద్దె గదులు, నలుగురికి నాలుగు ల్యాప్‌టాప్‌లు ఎలాగూ ఉంటాయి. పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో కూడా సెట్టింగులు తగ్గించుకుంటే నడిచే ఆటలు రావడంతో, భయానక గేములు కుర్రాళ్ల రాత్రుళ్లలోకి తేలిగ్గా వచ్చేశాయి. 2020 సెప్టెంబరులో ఫాస్మోఫోబియా, 2023 అక్టోబరులో లీథల్ కంపెనీ, 2025 ఫిబ్రవరిలో రెపో. మూడూ చిన్న బృందాలు తీసినవే. లీథల్ కంపెనీనైతే జీకర్స్ అనే పేరుతో పనిచేసే ఒకే ఒక్కడు తయారుచేశాడు.

ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు హైస్కూల్లో పబ్‌జీ ఆడి పెరిగినవాళ్లు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి, మరుసటి ఏడాది అది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. నలుగురి స్క్వాడ్, మైక్‌లో అరుపులు, దిగగానే లూట్, శత్రువు కనిపిస్తే రష్: ఆ తరానికి కలిసి ఆడటమంటే ఇదే. ముగ్గురు చచ్చాక మిగిలినవాడొక్కడే నలుగురిని కొట్టి గెలిస్తే దాన్ని క్లచ్ అంటారు, వాడి పేరు నెల రోజులు హాస్టల్లో మోగుతుంది. భయానక గేముల చివరి లెవెల్స్‌లో కుర్రాళ్లు ఓడిపోయేది చేతకాక కాదు. పబ్‌జీ నేర్పిన ఈ అలవాట్లే వాళ్లను ఓడిస్తాయి. భయానక గేముల్లో అరిచినవాడు చస్తాడు, ఎక్కువ మోసినవాడు చస్తాడు, హీరో అయితే మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని మరీ చస్తాడు.

లీథల్ కంపెనీ సంగతే చూద్దాం. గరిష్ఠంగా నలుగురు. ఓడలో ఏదో ఒక చంద్రుడి మీద దిగి, పాడుబడ్డ కట్టడాల్లో తుక్కు ఏరి, కంపెనీకి అమ్మాలి. మొదటి కోటా 130, గడువు మూడు రోజులు. తరువాత ఎన్ని కోటాలు దాటినా గడువు మూడు రోజులే. కోటా మాత్రం పోను పోను పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. దాంతో ఉచితంగా వెళ్లగలిగే తేలిక చంద్రులు చాలవు, డబ్బు కట్టి రెండ్, డైన్, టైటన్ లాంటి చోట్లకు పోవాలి. అక్కడ తుక్కు విలువ ఎక్కువ, రాక్షసులూ ఎక్కువే. ఒక్కొక్కరి చేతికి నాలుగు వస్తువులే పడతాయి. రెండు చేతులా పట్టుకోవాల్సినంత పెద్దది ఎత్తితే ఇంకేదీ వాడలేరు, టార్చి కూడా చేతిలోకి తీసుకోలేరు.

ఈ ఆటలో రాక్షసులను రాసిన పద్ధతిలోనే పబ్‌జీకి విరుగుడుంది. కాయిల్ హెడ్ అనే స్ప్రింగు మెడ బొమ్మ ఎవరూ చూడనప్పుడే కదులుతుంది. కళ్లు తిప్పకుండా చూస్తుంటే రాయిలా నిలబడిపోతుంది. బ్రాకెన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. వెనకాల నీడలా వస్తుంది, ఒక్కసారి చూస్తే వెనక్కి తగ్గుతుంది, అదే పనిగా చూస్తే కోపమొచ్చి మెడ విరుస్తుంది. ఇప్పుడు ఇరుకు వరండాలో ఒక పక్క ఇది, ఇంకో పక్క అది ఉన్నాయనుకోండి. ఒకడు కాయిల్ హెడ్ మీద చూపు తీయకుండా వెనక్కి వెనక్కి నడవాలి. వాడికి గోడ కనబడదు, మెట్టు కనబడదు. ‘నువ్వు దాన్నే చూడు, ఎడమకి రా, ఇంకొంచెం, ఇప్పుడు మెట్లు’ అని రెండోవాడు దారి చెప్పాలి. ఆ చెప్పేవాడే మధ్యమధ్యలో బ్రాకెన్ వైపు ఒక్క చూపు విసిరి మళ్లీ తల తిప్పుకోవాలి. ఇద్దరి చేతుల్లోనూ తుక్కు. ఇందులో గురి చూసి కొట్టే నేర్పు దేనికీ పనికిరాదు. ఎదుటివాడి మాట నమ్మి అడుగు వేయగలగాలి, వాడు కూడా నమ్మదగ్గట్టు చెప్పగలగాలి.

బయటికొస్తే కళ్లులేని కుక్కలు. వాటికి చూపు లేదు గానీ చెవులు మహా చురుకు. మైక్‌లో మాట్లాడిన మాట కూడా వింటాయి. ‘రేయ్ కుక్క, కుక్క!’ అని అరిచినవాణ్ని ఆ అరుపే పట్టిస్తుంది. గదిలో పక్క మంచం మీద కూర్చున్న స్నేహితుడు పకపకా నవ్వినా ఆ నవ్వు మైక్‌లోకి వెళ్తే అంతే. రెపోలో హంట్స్‌మన్ అనే గుడ్డి వేటగాడిదీ ఇదే పద్ధతి, చప్పుడైన వైపు తుపాకీ పేలుస్తాడు. రెపో ఇంకో మెలిక కూడా పెట్టింది: మోసుకొచ్చే సరుకు గోడకు తగిలితే దాని విలువ పడిపోతుంది, గట్టిగా తగిలితే పగిలిపోతుంది. పియానోను ఒక్కడే ఈడ్చుకొస్తే తలుపు దగ్గరే డబ్బు రాలిపోతుంది, పైగా ఆ చప్పుడు గుడ్డివాణ్ని పిలుస్తుంది. ఆరుగురి వరకూ ఆడొచ్చు గానీ, జనం పెరిగే కొద్దీ చప్పుడు పెరుగుతుందని కొత్తవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

కుప్పం, పలమనేరు పల్లెల్లో పొలానికి రాత్రి కావలి కాసే రైతుకు సరుకు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదన్న సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది, 2025 మేలో కర్ణాటక నాలుగు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఇంత జరిగినా పంట పోతోందని చీకట్లో అడవి ఏనుగుకు ఎదురెళ్లకూడదన్నది అక్కడ మొదటి జాగ్రత్త. అక్కడ రెండో ప్రాణం ఉండదు గనుక ఆ జాగ్రత్త తొందరగా వంటబడుతుంది. ఆటలో ఎన్నిసార్లు చచ్చినా మళ్లీ లేస్తాం గనుక వంటబట్టడానికి చాలా రాత్రులు పడుతుంది.

వదిలేసి రావడం అనగానే మనవాళ్లకు మనసొప్పదు. స్నేహితుణ్ని లోపల వదిలి ఓడ ఎక్కడం ద్రోహంలా తోస్తుంది. మన సినిమాల్లో హీరో వెనక్కి పరుగెత్తాల్సిందే కదా! కానీ లీథల్ కంపెనీ లెక్క వేరు. ఒక్కడు ప్రాణాలతో ఓడ ఎక్కి వెళ్లిపోతే ఓడలో చేర్చిన తుక్కంతా మిగులుతుంది, చచ్చిన ముగ్గురూ మరుసటి రోజుకు లేచి వస్తారు. జరిమానా కొంత పడుతుంది, శవాన్ని తెచ్చుకోగలిగితే అదీ తగ్గుతుంది. అదే నలుగురూ చస్తే ఓడలోని తుక్కు మొత్తం పోతుంది. రెపోలో అప్పగింతలన్నీ ముగిశాక ఒక్కడు బండి ఎక్కినా చాలు, మిగతావాళ్లు తరువాతి దుకాణం దగ్గర ప్రత్యక్షమవుతారు. అందరూ చస్తే మాత్రం అప్పటిదాకా ఆడిన ఆటే చెరిగిపోతుంది. కాబట్టి ఆఖరివాడు చేయగల పెద్ద సాయం పారిపోవడమే. వాడు పారిపోతుంటే ‘పిరికోడా’ అని వెనక నుంచి మైక్‌లో తిట్టేవాళ్లు తమ సొమ్ము మీద తామే రాయి వేసుకుంటున్నారు. అలాగని త్యాగానికి చోటు లేదని కాదు. రెపోలో పక్కవాణ్ని పట్టుకుని తన ప్రాణంలోంచి కొంచెం వాడికి ఇచ్చే వీలుంది. అది ముందు చేయాల్సిన పని, ప్రమాదం నెత్తి మీదికొచ్చాక కాదు.

ఫాస్మోఫోబియాలో కష్టం ఇంకో రకం. నలుగురు కలిసి ఇంట్లో ఉన్న దెయ్యం ఏ జాతిదో తేల్చాలి. మామూలుగా మూడు ఆధారాలు దొరుకుతాయి. నైట్‌మేర్ స్థాయిలో రెండే, ఇన్‌సానిటీ అనే అన్నిటికంటే కఠిన స్థాయిలో ఒక్కటే. మిగతాది దాని ప్రవర్తన చూసి పట్టాలి. ధూపం వేశాక మామూలు దెయ్యం 90 సెకన్లు వేటకు రాదు, డీమన్ 60 సెకన్లకే రాగలదు, స్పిరిట్ అయితే 180 సెకన్లు ఆగుతుంది. అందుకని ఒకడు ధూపం పట్టుకుని లోపలుంటే ఇంకొకడు బయట వ్యానులో గడియారం చూస్తూ అంకెలు చెబుతుంటాడు. దెయ్యాల ఆటలో భయం పోయి పరీక్ష హాలు వాతావరణం వచ్చేస్తుందని కొందరు విసుక్కుంటారు. నిజానికి చివరి స్థాయిల మజా అక్కడే ఉంది. స్వీడన్‌కు చెందిన టెన్ ఛాంబర్స్ సంస్థ 2021 డిసెంబరులో పూర్తిగా విడుదల చేసిన జీటీఎఫ్‌ఓ దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లింది. అందులో నిద్రపోతున్న రాక్షసులను చీకట్లో పాక్కుంటూ చేరి, నలుగురూ ఒకటి రెండు మూడు అనుకుని ఒకేసారి కొట్టాలి. ఒకడి చేయి ముందు పడితే గదంతా మేలుకుంటుంది.

యూట్యూబ్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం రాక్షసుల జాబితాలే. ఏది ఎంత వేగంగా పరుగెత్తుతుంది, ఏ ఆయుధానికి ఎన్ని దెబ్బలు కావాలి అని. అవి తెలియాల్సిందే, కానీ చివరి లెవెల్స్‌కు చేరిన జట్టుకు అవన్నీ అప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి. తేలనిది ఒక్కటే: ‘ఇక చాలు, పోదాం’ అని అనే హక్కు ఎవరిది? చాలా జట్లలో అది బాగా ఆడేవాడి చేతిలో ఉంటుంది. అదే తప్పు. బాగా ఆడేవాడికి తన చేతి మీద నమ్మకమెక్కువ, ఎప్పుడూ ఇంకో గది చూద్దామంటాడు. లీథల్ కంపెనీలో ఓడలోనే కూర్చుని తెర మీద అందరి చుక్కలూ చూస్తూ, కోడ్ కొట్టి తలుపులు తెరుస్తూ, తుపాకులను కాసేపు ఆపేవాడొకడుంటాడు. ఆ పనికి ఎవరూ ముందుకు రారు, చప్పగా ఉంటుందని. హక్కు వాడికివ్వాలి. వాడి చేతిలో తుక్కు లేదు గనుక ఆశా లేదు. అర్ధరాత్రికి ఓడ దానంతటదే ఎగిరిపోతుంది గనుక గడియారం మీద వాడి చూపెప్పుడూ ఉంటుంది. వాడు వచ్చేయమంటే వాదన లేకుండా వచ్చేయాలి. చేతిలోది ఎంత విలువైనదైనా పరుగుకు అడ్డమైతే అక్కడే పడేయాలి.

ఇంట్లో పెద్దలకు ఈ ఆటల మీద ఒక అనుమానముంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టమే తెచ్చింది. ‘ఆన్‌లైన్ గేములు’ అనే ఒకే మాట కింద అన్నీ కలిసిపోవడంతో దెయ్యాల ఆట ఆడుతున్న కొడుకు కూడా పందెం కాస్తున్నాడేమోనని భయపడతారు. పైన చెప్పిన భయానక ఆటలన్నీ స్టీమ్‌లో ఒకసారి కొంటే సరి, పందెం ఊసే ఉండదు. నిద్ర మాటకొస్తే మాత్రం అమ్మానాన్నలదే న్యాయం. ఒంటిగంట దాటాక ఆడే కోటా చాలాసార్లు కొంపముంచేదే, ఎందుకంటే అప్పుడు ఎవరికీ ‘చాలు’ అనబుద్ధి కాదు.

రాక్షసులతో సంబంధం లేని సమస్య ఇంకొకటి మిగిలింది. ఈ ఆటల్లో ఒకడి ల్యాప్‌టాప్ హోస్ట్‌గా ఉంటుంది, వాడి నెట్ తెగితే అందరూ లాబీ నుంచి బయటపడతారు, ఆ రోజు మళ్లీ మొదటినుంచి ఆడాలి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గానీ రూటర్‌కు ఉండదు. టైటన్ మీదికి దిగబోయే జట్టు ఆటలో పారలు, టార్చిలు కొనే ముందు, హోస్ట్ గదిలోని రూటర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి నలుగురూ చందా వేసుకుని కొనుక్కోవడం మంచిది.