కాన్పంటే నెల్లూరు పరుగెత్తాల్సిందేనా?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో నెలలు నిండుతున్నాయంటే చాలు, ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: గైనకాలజిస్టు చేతుల్లో, అదీ నెల్లూరులో అయితేనే తల్లీబిడ్డా క్షేమమని. మంత్రసాని కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పల్లెలకు ఆ భయం సహజమే. అయితే ఇంటి కాన్పుల మీద పోరు మనం ఎప్పుడో గెలిచాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో పెద్దాపరేషన్లు 42 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63 శాతం. జనాభా మొత్తంలో ఇవి పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కాబట్టి మనకున్న అసలు లోటు ఆపరేషన్లు కాదు. నొప్పులు పడే తల్లిని గంటల తరబడి పక్కనే ఉండి కనిపెట్టుకునే శిక్షణ పొందిన మనిషి లేకపోవడం.

ఆ లోటు తీర్చేది మిడ్‌వైఫు, పీహెచ్‌సీ డాక్టరు కలిసి చేసే పనే. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం డాక్టరును ఊళ్లకే పంపింది. ఏ గర్భిణికి బీపీ ఉంది, ఎవరికి రక్తం తక్కువ, ఎవరికి షుగరు వచ్చింది అన్నది కాన్పుకు నెలల ముందే తెలుసుకోగలిగేది ఆయనే. కానీ వందమంది రోగులను చూసుకోవాల్సిన డాక్టరు ఒక్క కాన్పు దగ్గర రాత్రంతా కూర్చోలేడు. అది మిడ్‌వైఫు పని. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో పార్టోగ్రాఫ్ కాగితం మీద గుర్తు పెడుతుంది. ఆ గుర్తు హెచ్చరిక గీత దాటిందంటే డాక్టరుకు ఫోను వెళ్లాలి. జోక్యం తప్పనిసరయ్యే చర్య గీతకు ఇంకా నాలుగు గంటల ఎడం ఉంటుంది. ఉదయగిరి నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు 108లో చేరడానికి ఆ వ్యవధే ఆధారం.

ముప్పు చెప్పి రాదు కదా అంటారు. నిజమే, కాన్పయ్యాక రక్తస్రావం ఎవరికైనా రావచ్చు. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే రక్తస్రావాన్ని అదుపు చేసే ఆక్సిటోసిన్ మందు ఇచ్చే చెయ్యి దగ్గర్లో ఉండాలి, దారిలో అంబులెన్సులో కాదు. మిడ్‌వైఫంటే పాత మంత్రసానే అనడమూ సరికాదు. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆమె నర్సింగ్ చదివి, ఆపై 18 నెలలు ప్రత్యేక శిక్షణ పొందిన ఉద్యోగిని. తెలంగాణ 2017లోనే ఈ దారి పట్టింది. మిడ్‌వైఫుల నిరంతర సంరక్షణలో సహజ కాన్పులు పెరుగుతాయని కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ పరిశోధనలు ఎక్కువగా సంపన్న దేశాలవన్నది వాస్తవమే. అక్కడ ఫలితమిచ్చింది డాక్టరు అండ ఉన్న మిడ్‌వైఫు వ్యవస్థ కాబట్టి, ఇక్కడ కూడా ఆ అండను కల్పించాలన్నదే నా వాదన. ఏదైనా జరిగితే బాధ్యులెవరని డాక్టర్లు జంకడం న్యాయమే. ఎవరు ఏది చూడాలి, ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పంపించాలి అన్నది రాతపూర్వకంగా ఉంటే ఆ జంకు తగ్గుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రుల్లో ముందుగా మిడ్‌వైఫులను నియమించి, చుట్టుపక్కల పీహెచ్‌సీ డాక్టర్లతో ఇలాంటి రాతపూర్వక ఒప్పందం చేయించాలి. పట్నానికి దూరంగా ఉన్న తల్లికి భద్రత ఆమె ఉన్నచోటికే రావాలి.