గాజుపెట్టెలో ఎర్రకొండ

గాజుపెట్టెలో మట్టి పోసి, మొక్కలు నాటి, అందొక చిన్న వనమును పెంచు వేడుక నేడు మన పట్టణములందును వ్యాపించుచున్నది. దీనిని టెర్రేరియమని పిలుతురు. పెట్టెలోని మొక్కలను గూర్చి అందరును శ్రద్ధ వహింతురు గాని, దాని వెనుక గోడను గూర్చి ఆలోచించువారు తక్కువ. అంగడిలో దొరకు రంగుల కాగితము నొకదానిని అతికించి తృప్తి పడుదురు. ఆ కాగితముపై ఏ ఖండపు అరణ్యమో, ఏ దేశపు జలపాతమో ఉండును. జహీరాబాదులో చదువుకొను బాలుడు నిత్యము తాను త్రొక్కి నడచు ఎర్రరాతిని ప్రకృతిగా నెంచడు; ఎన్నడును చూడని ఆ బొమ్మలోని అడవినే ప్రకృతి యని భావించును. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని చదువునకు సంబంధించినంతవరకు ఇది చిన్నది కాదు.

ఈ గాజుపెట్టెల పుట్టుక విచిత్రమైనది. 1829లో లండను నగర వైద్యుడు నథానియల్ వార్డు ఒక సీతాకోకజాతి పురుగు గూటిని తడిమట్టితో సీసాలో నుంచి మూత బిగించెను. పురుగు మాట యెట్లున్నను, ఆ మట్టిలో ఒక ఫెర్ను మొక్కయు, కొంత గడ్డియు మొలచినవి. పగలు ఆవిరియైన నీరు గాజునకు తగిలి చల్లబడి మరల మట్టిని చేరుచుండుటచే ఆ మొక్కలు నీరు పోయకయే బ్రతికినవి. 1833లో అతడు ఇట్టి పెట్టెలలో మొక్కలనుంచి ఓడపై సిడ్నీకి పంపగా, మాసముల తరబడి సాగిన ప్రయాణమును సహించి అవి క్షేమముగా చేరినవి. తరువాత చైనా తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతములకు వచ్చినదియు ఇట్టి పెట్టెలలోనే. ఆ పెట్టెలకు వెనుక గోడ యనునది లేదు. మొక్క బ్రతికిన చాలునని వార్డు తలచెను.

గోడను శిల్పముగా మలచవలెనను ఆలోచన వేరొక మార్గమున వచ్చినది. 1907లో జర్మనీలోని హాంబర్గు చెంత కార్ల్ హాగెన్‌బెక్ అనునతడు ఇనుప ఊచలు లేని జంతుప్రదర్శనశాలను తెరచెను. ఉర్స్ ఎగ్గెన్‌ష్విలర్ అను స్విట్జర్లాండు శిల్పి అందు కృత్రిమమైన కొండలను నిర్మించెను. మృగమునకును, చూచువానికిని నడుమ కందకము మాత్రమే ఉండును. 1963లో తెరచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో కందకములు గల ఆవరణములను చూచినవారికి ఈ పద్ధతి పరిచితమే. జంతువును చూపుటతో పని తీరదనియు, అది నివసించు నేలను కూడ చూపవలెననియు లోకము గుర్తించిన కాలమది.

ఈ నిర్మాణమునకు సాహిత్య విద్యార్థులు చక్కగా ఎరిగిన మాట యొకటి కలదు: స్వభావోక్తి. వస్తువును ఉన్నదున్నట్లు వర్ణించుట అలంకారమగునా కాదా యని మన లాక్షణికులు వాదించుకొనిరి. దండి దానిని అలంకారములలో మొదట నిలిపెను. కుంతకుడు అంగీకరింపలేదు. వస్తుస్వభావమే అలంకారమైనచో, ఇక అలంకరింపబడునది ఏదియని ఆయన ప్రశ్న. గాజుపెట్టె గోడను మలచువాడు ఈ ఇరువురి మాటలను వినవలెను. గోడ సహజముగా నుండవలెననుట దండి పక్షము. మొక్కలే అలంకార్యములు, గోడ వానిని మ్రింగివేయరాదనుట కుంతకుని ప్రశ్న నుండి నేర్వదగిన పాఠము. అందరి చూపును తనవైపే లాగుకొను గోడ ఎంత నేర్పుతో చేసినదైనను చెడ్డ గోడయే.

మరి జహీరాబాదులో ఏ గోడను మలచవలెను? సమాధానము ఊరి నేలలోనే ఉన్నది. ఈ ప్రాంతమును, పొరుగున నున్న బీదరును ఎర్రని లాటరైటు రాతి పీఠభూమిపై నిలచినవి. దాని క్రింద నుండునది అగ్నిపర్వతముల లావా గడ్డకట్టగా ఏర్పడిన దక్కను నల్లరాయి. దాని వయస్సు సుమారు 6.6 కోట్ల సంవత్సరములు. ఎండయు వానయు అనంతకాలము ఆ రాతిని నానబెట్టి, అందలి సిలికా, సున్నము మున్నగు వానిని కడిగివేయగా, ఇనుమును అల్యూమినియమును మిగిలినవి. ఎరుపురంగు ఆ ఇనుము తుప్పునుండి వచ్చినదే. భూమిలో నున్నప్పుడు ఇది పనిముట్టుతో కోయదగినంత మెత్తగా నుండి, గాలి సోకిన పిదప గట్టిపడును. ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో ప్రకటించిన తన యాత్రాగ్రంథములో ఈ గుణమును గమనించి, ఇటుక యను అర్థము గల లాటిను మాట నుండి దీనికి పేరు కూర్చెను. ఈ రాతి నిండ రంధ్రములుండుటచే నీరు లోనికి దిగును. ఆ మర్మమెరిగియే బీదరులో పూర్వులు భూగర్భ జలమార్గములను త్రవ్వించిరి.

ఇంత తెలిసినవాడే ఆ రాతిని మలచగలడు. రంధ్రములు ఎందుకేర్పడినవో ఎరుగనివాడు గోడకు వరుసగా ఒకే కొలత గల గుంటలు పెట్టును. ఎరిగినవాడు ఒకచోట గుత్తులుగను, ఒకచోట విరళముగను పెట్టును. వాన జారిన తావున మరక నిలువుగా దిగవలెను. నీడపట్టున మాత్రమే నాచు పట్టవలెను. కావున పనికి పూనుకొనక ముందు ఉపాధ్యాయుడు పిల్లలను ఊరి వెలుపల ఒక రాతి కోత చెంతకు తీసికొనిపోయి, కాగితముపై దాని రూపమును గీయింపవలెను.

పని యొక్క క్రమము కష్టమైనది కాదు. నిజమైన రాయి బరువునకు గాజు పగులును గనుక, సామానుల పెట్టెలలో వచ్చి పారవేయబడు థర్మోకోల్ పలకలను తీసికొని ఒకదానిపై నొకటి అతికింపవలెను. కొన్ని ఘాటైన జిగురులు థర్మోకోలును కరిగించును. ముందుగా చిన్న ముక్కపై పరీక్షించుట మేలు. కత్తితో అరుగులను, బొరియలను చెక్కి, సిమెంటును పలుచగా రెండు మూడు పూతలు పూయవలెను. కడపటి పూత ఆరకమునుపే ఊరి ఎర్రరాతి పొడిని దానిపై చల్లి అదుమవలెను. ఏ రంగు డబ్బాయు ఆ ఛాయ నియ్యజాలదు. క్రొత్త సిమెంటులోని క్షారము మొక్కలకు హాని చేయును గనుక, గోడను పలుమార్లు నీరు మార్చుచు కొన్ని దినములు నానబెట్టిన పిదపనే పెట్టెలో నిలుపవలెను. ఈ నేలకు తగినవి పొడిగాలిని ఓర్చు మొక్కలు. కావున పై మూత తెరచియుండుట మంచిది. పెట్టెను నేరుగా ఎండలో నుంచిన మొక్కలు ఉడికిపోవును.

ఇట్టి పని మనకు క్రొత్తది కాదు. బొమ్మల కొలువులో మట్టితో కొండను, అద్దముతో చెరువును, మొలకెత్తిన ధాన్యముతో పొలమును కూర్చు చేతులు మన యిండ్లలోనివే. కొండపల్లి కళాకారులు పొణికి కర్రతో చేసిన అంగములను చింతపిక్కల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి తీర్చుదురు. ఆ మక్కు తడి పెట్టెలో బూజు పట్టును గనుక ఇచట పనికిరాదు. అయినను ముద్దతో రూపమును దిద్దు ఆ నేర్పు పనికివచ్చును.

ఒక హెచ్చరిక అవసరము. గోడ సహజముగా కుదిరిన కొలది, దాని ముందొక ప్రాణిని నిలుపవలెనను ఆశ పుట్టును. నక్షత్ర తాబేలును గాని, ఉడుమును గాని పట్టి తెచ్చి ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. చట్టము లేకున్నను అది తప్పే. ప్రాణి ఇల్లు ఎట్టిదో తెలిసికొనుటకై చేసిన గోడ, ప్రాణిని ఇల్లు విడిపించుటకు సాధనము కారాదు. మొక్కలును, మట్టితో వచ్చు వానపాములును ఆ పెట్టెకు చాలును.

అసలు రాయి ఊరి చెంతనే ఉండగా నకలు ఎందుకని కొందరు అడుగుదురు. అసలు కంటి ఎదుట నున్నంత మాత్రమున కనబడదు. ఇండ్లకును, బాటలకును ఎర్రరాయిని, మొరమును త్రవ్వుకొని పోవుచుందుము. త్రవ్విన చోట ఏమి పోయినదో చెప్పగలవారు ఎందరు? ఒక మూరెడు రాతిని చేతితో మలచిన బాలుడు దానిలోని ప్రతి రంధ్రమునకు కారణము వెదకియుండును. రేపు ఆ గుట్ట తరిగినప్పుడు వాడు గుర్తించును. పాఠశాలలలో కొనుగోలు చేసిన రంగుల కాగితమును తొలగించి, ప్రతి ఊరి బడిలో ఆ ఊరి రాతినే మలపించుట మేలు. జహీరాబాదులో ఎర్రరాయి, నల్లగొండలో గుండ్రాళ్లు, సముద్రతీరమున ఇసుక తిన్నెలు. ఏ ఊరికి తగిన గోడ ఆ ఊరిలోనే సిద్ధముగా నున్నది.