రాళ్లెక్కే బండి అని అమ్మారు, ఎక్కితే మిస్‌యూజ్ అన్నారు

టీవీలో ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఎర్ర కొండలు, వెనక గిటారు మోత, బండి ఒక బండరాయి మీంచి ఇంకో బండరాయి మీదకి ఉడుములా పాకుతూ పోతుంది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి: డ్రైవరు ప్రొఫెషనల్, దారి మూసేసి తీసాం, మీరు మాత్రం ప్రయత్నించకండి. ఆ అక్షరాల ఖరీదు 4,300 డాలర్లని నాకు పోయిన నెల తెలిసొచ్చింది.

కంపెనీ పేరు రాయను. రాస్తే వాదన ఆ కంపెనీ అభిమానులకీ ద్వేషులకీ మధ్య తన్నులాటగా మారి అసలు సంగతి గాల్లో కలిసిపోతుంది. నాలుగేళ్ల పాత పికప్, ముందు చక్రాలకి ఇండిపెండెంట్ సస్పెన్షన్, వారంటీ ఇంకా పదకొండు నెలలుంది. ఛాండ్లర్ నుంచి రెండు గంటల డ్రైవ్‌లో సెడోనా. అక్కడి ఎర్ర ఇసుకరాయి మీద టైరు ఎలా పట్టుకుంటుందంటే, గరుకు కాగితం మీద రబ్బరు పెట్టి రుద్దినట్టే. వెనక సీట్లో మా ఆవిడ, రెండేళ్ల పాప. దిగుతున్న దారి ముందు ముందు మరీ నిటారుగా ఉందనిపించి, హీరోయిజం మనకెందుకులే అని రివర్స్ వేసాను. ఫోర్ లో, స్టీరింగ్ ఎడమకి పూర్తిగా తిప్పి ఉంది, ముక్కు కిందకి. ఒక ముందు చక్రం ఒక్క క్షణం గాల్లో తిరిగి మళ్లీ రాయిని పట్టుకుంది. తుపాకీ పేలినట్టు చప్పుడు. పాప ఏడుపు. తర్వాత బండి కింద నల్లటి గేర్ ఆయిలు.

గమనించారా, నేను జాగ్రత్తపడి వెనక్కి వస్తుంటే విరిగింది. ఎగిరి దూకితే విరగలేదు.

డీలర్ దగ్గర సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదస్తుడు. ఓ ప్రింటవుట్ తెచ్చి చూపించాడు. అందులో ఫోర్ లో ఎప్పుడు వేసానో, ఏ గేరులో ఉన్నానో, యాక్సిలరేటర్ ఎంత తొక్కానో, చక్రం ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో అన్నీ ఉన్నాయి. "మిస్‌యూజ్ సార్, పైగా టైర్లు కంపెనీవి కావు" అన్నాడు. నిజమే, కంపెనీ ఇచ్చినవి 32 అంగుళాలు, నేను వేసుకున్నవి 33. టికెట్ క్లోజ్డ్, యూజర్ ఎర్రర్. మనం రోజూ క్లయింటుకి చేసే మర్యాదే, ఈసారి మనకి జరిగింది!

ఇప్పుడు అసలు సంగతి. మెకానికల్ వాళ్లు రెండు పేరాలు దాటేయొచ్చు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు మాత్రం చదవండి, నేనూ ఆ బ్రాంచే, ఈ నెల్లాళ్లలోనే నేర్చుకున్నాను.

డిఫరెన్షియల్లో పినియన్ అనే చిన్న గేరు క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుని తిప్పుతుంది. ఆ గేర్ల ప్రతి పంటికీ రెండు ముఖాలు. బండి మామూలుగా లాగేటప్పుడు ఒత్తిడి పడే ముఖం డ్రైవ్ సైడ్, దాన్ని బలంగా చెక్కుతారు. రెండోది కోస్ట్ సైడ్, బలహీనం. చాలా బండ్లలో ముందు యాక్సిల్‌కి పినియన్‌ని ఎత్తుగా పెట్టి పళ్లని తిరగేసి చెక్కుతారు, ముందుకెళ్లేటప్పుడు బలమైన ముఖం పనిచేయాలని. తెలివైన పనే. కానీ రివర్స్ వేసి ఎక్కిస్తే భారమంతా బలహీనమైన ముఖం మీద పడుతుంది.

ముందు డిఫరెన్షియల్‌ని వెనకదానికంటే చిన్నగా చేయడానికీ కారణముంది. ఇంజన్ కింద చోటు లేదు, బరువు తగ్గాలి, పైగా బండి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది కాబట్టి ముందు చక్రాలకి పని తక్కువ. లెక్క సరైనదే. ముక్కు కిందకి పెట్టి వెనక్కి ఎక్కేటప్పుడు మాత్రం ఆ లెక్క మొత్తం తలకిందులు. బరువు ముందు యాక్సిల్ మీద, లాగేది పంటి బలహీనమైన ముఖం, చక్రాలు పూర్తిగా తిరిగి ఉన్నాయి. నేను కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఇదేమీ కోటికొక్కసారి వచ్చే కార్నర్ కేస్ కాదు. రాళ్ల దారిలో ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి రావాల్సిందే కదా! రివర్స్‌లో రాకూడని ఆఫ్‌రోడ్ బండి అంటే, క్యాన్సిల్ బటన్ నొక్కితే క్రాష్ అయ్యే సాఫ్ట్‌వేరే.

ఇంకో లెక్క చెప్తాను, ఇది నా బండిది కాదు, అందరికీ తెలిసిన జీప్ రాంగ్లర్ రూబికాన్‌ది, 3.6 లీటర్ ఆటోమేటిక్. మొదటి గేరు 4.71, లో రేంజ్ 4, యాక్సిల్ 4.10. గుణిస్తే 77. ఇంజన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ 353 న్యూటన్ మీటర్లు, అంటే చక్రాల దగ్గర కాగితం మీద 27 వేల పైచిలుకు. బండి బరువు సుమారు 2,000 కిలోలు, 33 అంగుళాల టైరు, రాయి మీద పట్టు 0.8 అనుకుంటే నాలుగు టైర్లూ కలిసి ఆపగలిగేది సుమారు 6,600. అంటే ఇంజన్ ఇవ్వగలిగింది టైరు పట్టుకోగలిగినదానికి నాలుగింతలు. బురదలో, ఇసుకలో టైరు జారిపోతుంది కాబట్టి ఏమీ కాదు. జారడమే అక్కడ ఫ్యూజు. గరుకు రాయి మీద టైరు జారదు, అందుకని లోపల ఎవడు అందరికంటే బక్కగా ఉంటే వాడు విరుగుతాడు. పైగా పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకటే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. రాయి జారనివ్వదు కాబట్టి ఆ తేడా అంతా ఇనుములో మెలికపడి దాక్కుంటుంది.

ఇహ నా 33 అంగుళాల నేరం. 32 నుంచి 33కి వెళ్తే వ్యాసార్ధం 3 శాతం పెరుగుతుంది, యాక్సిల్ మీద భారమూ సుమారుగా అంతే. మూడు శాతం! మా బ్యాచ్‌లో సివిల్ చదివినవాణ్ణి అడిగాను. వాడు నవ్వి "ఒరేయ్, మూడు శాతం ఎక్కువైతే పడిపోయే గోడ కడితే నన్ను ఊళ్లో ఉండనివ్వర్రా" అన్నాడు. మూడు శాతం అదనపు భారానికి విరిగింది అంటే కంపెనీ ఒప్పుకుంటున్నది నా తప్పు కాదు, తన డిజైన్‌లో మార్జిన్ లేదని.

అలాగని మనవాళ్లని వెనకేసుకొస్తాననుకోకండి. శనివారం వస్తే చాలు, 37 అంగుళాల టైర్లు బిగించి (16 శాతం, టైరు బరువు అదనం), నాలుగంగుళాల లిఫ్ట్ వేసి, యాక్సిల్ జాయింట్లు ఏ కోణంలో ఏడుస్తున్నాయో చూడకుండా, చక్రం గాల్లో తిరుగుతుంటే ఇంకా తొక్కి, తిరిగే చక్రాన్ని రాయి మీద పడేసేవాళ్లు నాకు పదిమంది తెలుసు. నీళ్లలోంచి బండి తోలి, డిఫ్ ఆయిలు పాలు కలిపిన టీలా తయారైనా మార్చరు. ముందు డిఫరెన్షియల్‌కి వేరే ఆయిలు ఉంటుందనే తెలియనివాడు ఒకడున్నాడు, సీనియర్ ఆర్కిటెక్ట్. వీళ్లకి వారంటీ ఇమ్మని నేను అడగను. పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై వేసుకుని గ్రోసరీకి వెళ్లేవాడి బిల్లు కూడా వాడిదే.

(మా ఊరి వైపు పాడేరు, చింతపల్లి ఘాట్‌లో పాతికమందిని టాపు మీద కూడా ఎక్కించుకుని పోయే జీపులు గుర్తొచ్చాయి. వాటికెప్పుడూ ముందు డిఫరెన్షియల్ పోలేదు. చాలావాటికి ముందు డిఫరెన్షియలే ఉండేది కాదు మరి.)

కానీ ఈ పదిమందిని చూపించి కంపెనీ మిగతా అందరినీ అదే గాటన కట్టేస్తోంది చూడండి, నా గొడవ అక్కడ. బలహీనత ఎక్కడుందో వాళ్లకి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. టయోటా ల్యాండ్ క్రూజర్ 100 సిరీస్ చూడండి. 1998, 1999 మోడళ్లలో ముందు డిఫరెన్షియల్ లోపల రెండే స్పైడర్ గేర్లు, ఆ తర్వాత నాలుగు వచ్చాయి. ఎవరో పైనుంచి దేవుడు చెప్పి మార్పించలేదు కదా. జీప్ వాళ్లు 2007 నుంచి 2018 దాకా అమ్మిన రాంగ్లర్‌లో మామూలు మోడల్‌కి ముందు డానా 30 యాక్సిల్, ఎక్కువ డబ్బిచ్చే రూబికాన్‌కి అంతకంటే పెద్ద డానా 44 వేసారు. అంటే రాళ్లెక్కడానికి ఏ సైజు కావాలో కంపెనీలకి తెలుసు. అది తప్పని కూడా అనను, ధరకి తగ్గ సరుకు. కానీ చిన్న యాక్సిల్ బండి ప్రకటనలో కూడా రాళ్లే చూపిస్తారెందుకు? రూబికాన్ కొనేవాడికి కనీసం యాక్సిల్ పేరు తెలుస్తుంది. నా బండి మాన్యువల్ ఐదొందల పేజీలు. బ్లూటూత్‌కి పద్దెనిమిది పేజీలున్నాయి. ముందు యాక్సిల్ ఎంత టార్క్ భరిస్తుంది, ఏ టైరు దాకా, రివర్స్‌లో ఎంత వాలు దాకా అనే మూడు ముక్కలు ఎక్కడా లేవు. లిమిట్ రాయకుండా లిమిట్ దాటావనడం ఏం న్యాయం? డాక్యుమెంట్ చేయని లిమిట్ దాటాడని మనం క్లయింటుకి బిల్లు పంపగలమా?

అన్నిటికంటే ఒళ్లు మండింది ఆ ప్రింటవుట్ చూసి. ఒక్కసారి సాఫ్ట్‌వేర్ మనిషిగా ఆలోచించండి. స్టీరింగ్ ఎంత తిరిగి ఉందో బండికి తెలుసు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, స్టీరింగ్ కోణం తెలియకుండా అది పనిచేయదు. ముక్కు ఎన్ని డిగ్రీలు కిందకుందో ఆఫ్‌రోడ్ స్క్రీన్‌లో బొమ్మేసి మరీ చూపిస్తుంది. రివర్స్ అని తెలుసు, ఫోర్ లో అని తెలుసు. యాక్సిలరేటర్‌కి ఇప్పుడు కేబుల్ లేదు, నేను తొక్కేది ఒక విన్నపం మాత్రమే, టార్క్ ఎంతివ్వాలో నిర్ణయించేది కంప్యూటరే. గేరు మారేటప్పుడు గేర్‌బాక్స్‌ని కాపాడ్డానికి ఇదే కంప్యూటర్ ఇదే టార్క్‌ని రోజుకి వెయ్యిసార్లు కోస్తుంది. ఈ నాలుగు షరతులూ కలిసినప్పుడు కూడా కొయ్యమని చెప్పడానికి ఎన్ని లైన్లు కావాలి? క్యాలిబ్రేషన్, టెస్టింగ్ నెలలు పడుతుందని తెలుసు, నేనూ రిలీజులు చేసినవాణ్ణే. కానీ డేటా లేదని మాత్రం అనలేరు. నన్ను ఆపడానికి పనికిరాని డేటా, నా క్లెయిమ్ కొట్టేయడానికి మాత్రం సెకన్ల లెక్కతో పనికొచ్చింది.

"అంత బెంగగా ఉంటే రాళ్లెందుకన్నా, బీచికి పో" అన్నాడు మా రూమ్మేట్ తమ్ముడు. ఇది రాళ్ల మీద ఆగిపోయే గొడవ అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. మైలున్నర నడిచి సిగ్నల్ పట్టుకుని, నాలుగు గంటలు ఎదురుచూసాం, అంతే. కానీ ముందు యాక్సిల్‌ని విడదీసే ఏర్పాటు లేని బండ్లలో ముందు డిఫరెన్షియల్ హైవే మీద కూడా తిరుగుతూనే ఉంటుంది. శనివారం రాయి మీద పగులు పట్టిన పన్ను సోమవారం 75 మైళ్ల వేగంలో విరిగి, క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఇరుక్కుంటే ముందు చక్రాలు పట్టేస్తాయి. అప్పుడు పక్క లేన్లో పోయేవాడు ఏ మిస్‌యూజ్ చేసాడు?

టైర్ల సంగతి చాలామంది మనవాళ్లకి తెలియదు కాబట్టి చెప్పాలి. డీలర్ "బయటి పార్టు వేసావు, వారంటీ పోయింది" అనగానే తలూపి వచ్చేస్తాం, వీసా మీదున్నాం మనకెందుకు గొడవ అనుకుంటాం. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి పార్టు వాడినంత మాత్రాన వారంటీ పోదు, ఆ పార్టే ఈ పార్టుని విరగ్గొట్టిందని కంపెనీ చూపించాలి. 2022లో హార్లీ డేవిడ్‌సన్ వారంటీలో ఇలాంటి షరతులే పెట్టిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది కూడా. ఈ చట్టానికి మీ వీసాతో పనిలేదు.

నేను బయట ఓ ముసలాయన గ్యారేజీలో బాగుచేయించాను. విరిగిన ముక్కలు పారేయొద్దని ముందే చెప్పాను. పినియన్ మీద మూడు పళ్లు పోయాయి, మూడూ కోస్ట్ సైడ్ నుంచే పగిలాయి. ఆయనే అద్దం పెట్టి చూపించాడు. ఫోటోలు, నా మూడు శాతం లెక్క, వాళ్ల ప్రింటవుట్ జత చేసి కంపెనీకి రిజిస్టర్డ్ ఉత్తరం రాసాను. రెండే ప్రశ్నలు: 33 అంగుళాల టైరే కారణమని చూపించే పరీక్ష ఏది? రివర్స్‌లో ఈ యాక్సిల్ లిమిట్ ఎంత, అది నాకెక్కడ చెప్పారు?

పంతొమ్మిది రోజులైంది, జవాబు లేదు. మీలో ఎవరికైనా ముందు డిఫరెన్షియల్ పోయి క్లెయిమ్ కొట్టేస్తే, కారణం ఏమని రాసిచ్చారో, ఏ గేరులో విరిగిందో కింద కామెంట్లలో రాయండి. బండి పేరు అక్కర్లేదు. రివర్స్ అన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టాలని ఉంది.