చేప చచ్చినంక కాదు, బతికున్నప్పుడే పరీక్ష చెయ్యాలె

కొంచెం పొడుగు పోస్టు, ఓపికతోని చదువుండ్రి.

2016 నుంచి సర్కారు చెరువులల్ల చేపపిల్లలను ఉచితంగ వదుల్తున్నది. మంచిదే, వద్దనను. బండి వస్తది, కవర్లు విప్పుతరు, ఫోటో దిగుతరు, ఇన్ని లక్షల పిల్లలు వేసినం అని లెక్క చెప్తరు. ఆ నీళ్లు ఎట్లున్నయి, మూడు నెలలకు ఆ పిల్లల పానం ఎట్లుంది అని మాత్రం ఎవరు అడుగుతున్నరు? చచ్చి తేలి వాసనొచ్చినంక అందరొస్తరు. "ఎండకు ఆక్సిజన్ తగ్గింది" అని ఒక్క మాట అని పోతరు. ఆ ఒక్క మాటతోని సొసైటీ నష్టం మట్టిల కలుస్తది.

ఆక్సిజన్ తగ్గితే చేపలు చస్తయి, అబద్ధం కాదు. కానీ దానికి గుర్తులుంటయి. నాచు పట్టిన చెరువుల పగలు ఆక్సిజన్ పెరుగుతది, రాత్రంత తగ్గుకుంట వచ్చి పొద్దు పొడవక ముందు బాగా అడుగంటుతది. లీటరుకు 5 మిల్లీగ్రాములు పైన ఉంటే బొచ్చె, రవ్వ మంచిగుంటయి, 3 కంటే కిందికి పోతే గోస పడ్తయి. పెద్ద చేపలు ముందు పోతయి, నోరు తెర్చుకోని పైకొస్తయి. అట్ల కాకుండ మిట్టమధ్యాహ్నం చిన్నా పెద్దా అన్ని ఒక్కసారే తేలితే, అక్కడ విషం సంగతి చూడాలె. మధ్యాహ్నం పన్నెండుకు సీసాల నీళ్లు పట్టుకపోయి "ఆక్సిజన్ బాగనే ఉంది" అని రాస్తే అది పరీక్షనా?

అమ్మోనియాది కూడ అంతే. కిట్టుల 1 మిల్లీగ్రాము వచ్చిందనుకోండ్రి. పీహెచ్ 7 ఉంటే దాంట్ల చేపకు విషమయ్యే భాగం వెయ్యికి ఆరు పాళ్లే. అదే నీళ్లు సాయంత్రానికి పీహెచ్ 9కి పోతే మూడో వంతు కంటే ఎక్కువ విషమే. అంకె ఒక్కటే, ఒకటి బతుకు, ఒకటి చావు. పీహెచ్ రాయకుండ అమ్మోనియా ఒక్కటే రాసిన కాగితం ఎందుకు పనికొస్తది?

ఇగ అసలు మాట. నీళ్లు ఇయ్యాల ఉన్నట్టు రేపు ఉండయి. రాత్రి విడిచిన మురికి పొద్దుగాలకు పారిపోతది. చేప మాత్రం ఏడికీ పోదు, అన్నీ దాని ఒంట్ల రాసుకుంటది. చేప భయపడితే, ఊపిరాడకపోతే రక్తంల కార్టిసాల్ అనే రసం నిమిషాలల్ల పెరుగుతది, దాని ఎనక షుగర్ పెరుగుతది. మన షుగర్ పేషంట్లు వాడే చిన్న మిషన్ తోనే చేప రక్తం చూస్తున్నరు. పట్టంగనే తియ్యాలె, ఆలస్యమైతే పట్టిన భయానికే షుగర్ పెరుగుతది. నైట్రైట్ ఎక్కువైతే రక్తం చాకలెట్ రంగుకు తిరుగుతది, అది కంటికే కనిపిస్తది. క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ అసొంటి మందులు పడ్డయా అంటే చేప మెదడుల ఎసిటైల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పడిపోతది. తాజాగ చచ్చిన చేపను ఐసుల పెట్టి ల్యాబ్ కు పంపితే తెలుస్తది. రెండు రోజులు ఎండల కుళ్లినంక ఏం తెలుస్తది, మట్టి?

"చావలేదు కదా, ఏం కాలేదు" అనేటోళ్లకు ఒక సంగతి. 2007ల అచ్చయిన పరిశోధనల స్వీడన్ శాస్త్రవేత్తలు మన పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించిన్రు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. తర్వాత 2009ల ఇంకో పరిశోధన అచ్చయింది. ఆ నీళ్లను ఐదు వందల వంతుకు పల్చగ చేసి ట్రౌట్ చేపలను దాంట్ల ఉంచిన్రు. ఆ పల్చటి నీళ్లకే చేపల లివర్ ఎంజైమ్ మారింది, రక్తంల ఫాస్ఫేట్ మారింది. కంటికి కనిపించనిది రక్తం చెప్పింది. మన నీళ్ల సంగతి బయటి దేశపోళ్లు చేప రక్తం చూసి చెప్పాలె, మనం మాత్రం తేలినయా లేదా అని చూసుకుంట కూసుంటం!

అదే పటాన్‌చెరు దిక్కు నుంచి 18 కిలోమీటర్ల పైపు అంబర్‌పేట దాకా వస్తది. అంబర్‌పేట దాటిన మూసీ మా పీర్జాదిగూడ కింద నుంచే పోతది. ఆ నీళ్లతోని పారాగడ్డి పెరుగుతది, ఆ గడ్డి బర్లు తింటయి, ఆ పాలు పట్నం తాగుతది. కింది ఊర్లల్ల అదే నీళ్లకు వరి. అందుకే చేప సంగతి బెస్తోళ్ల, ముదిరాజుల సంగతి ఒక్కటే కాదు, మన సంగతి కూడ.

కొందరు పెద్దమనుషులు "కొర్రమీను బతుకుతున్నది, నీళ్లు మంచియే" అంటరు. అన్నా, కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటది. అది బతికిందని నీళ్లకు సర్టిఫికెట్ ఇయ్యొద్దు. ఇంకొందరు "ఇవన్ని భీమవరమోళ్లకు, మనకెందుకు" అంటరు. అక్కడ రైతు సీసాల నీళ్లు పట్టుకోని ల్యాబ్ కు పోతడు, చీటీ చూసి నిర్ణయం తీసుకుంటడు. ఆయనకున్న తెలివి మనకు లేదా?

పైసలు లేవంటరా? పిల్లలకు ఉన్నయి, పరీక్షలకు లేవా? విత్తనం ఇచ్చి భూసార పరీక్ష వద్దన్నట్టు ఉన్నది ఇది.

మనం అడగాల్సినయి నాలుగే. పిల్లలు వదిలే ముందు తెల్లారుగట్ల నీళ్ల పరీక్ష. మూడు నెలలకొకసారి నాలుగు చేపల రక్తం, మొప్పల పరీక్ష. చేపలు తేలిన రోజే ఐసుల పెట్టి ల్యాబ్ కు పంపుడు. ఆ కాగితం పంచాయతీ గోడకు, సొసైటీ గోడకు అంటించుడు. 2017ల గండిగూడెం చెరువుల చేపలు కుప్పలు కుప్పలుగ చచ్చినయి. అట్లాంటి రోజు మన దగ్గర పాత కాగితాలు ఉంటే కొట్లాడొచ్చు. లేకుంటే ఎండ మీద పెట్టి చేతులు దులుపుకుంటరు.

వచ్చేసారి పిల్లల బండి మీ ఊరికొచ్చినప్పుడు దండ ఎయ్యుండ్రి, వద్దనను. ఆ ఎన్కనే "సారూ, నీళ్ల కాగితం ఏది?" అని అడుగుండ్రి. కాగితం చూపెట్టినంకనే కవరు విప్పనియ్యుండ్రి.